"అదృశ్యం" అనే మాట మీద నాకో అభ్యంతరం

పేపర్లో జిల్లా పేజీ ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? "ఇంజినీరింగ్ విద్యార్థి అదృశ్యం", "వివాహిత అదృశ్యం", "వృద్ధుడి అదృశ్యం". నాలుగు లైన్ల వార్త, పక్కన ఆధార్ కార్డులోంచి తీసిన మసక ఫొటో. చామనఛాయ, అయిదడుగుల ఆరంగుళాలు, వెళ్లేటప్పుడు నీలం చొక్కా వేసుకున్నాడు, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలి. అంతే. మర్నాడు ఇంకో ఫొటో.

ఆ హెడ్డింగుల్లో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. వాటిల్లో కర్త ఉండడు. "హత్య" అని రాస్తే చేసినవాడెవడని అడుగుతాం. "దొంగతనం" అంటే దొంగెవడని అడుగుతాం. "అదృశ్యం" అంటే మాత్రం అదేదో వర్షం పడ్డట్టు, కరెంటు పోయినట్టు దానంతటదే జరిగిపోయిన పని. పోనీ మామూలు మాటల్లో చెప్పుకుందామంటే "కనిపించకుండా పోయాడు" అంటాం. అక్కడ కర్త ఉన్నాడు కానీ, పోయినవాడే కర్త! చేసిందంతా వాడే అన్నట్టు.

నిజమే, తప్పిపోయినవాళ్లలో చాలామంది నాలుగు రోజులకో నెలకో తిరిగొస్తారు. బ్యాక్‌లాగ్స్ సంగతి ఇంట్లో తెలిసిపోతుందని వెళ్లినవాళ్లు, ప్రేమించి వెళ్లినవాళ్లు, లోన్ యాప్‌ల వాళ్లకి భయపడి వెళ్లినవాళ్లు. వాళ్లకి ఆ మాట సరిపోతుంది. నా అభ్యంతరం మిగతావాళ్ల గురించి. ఎవరో తీసుకెళితే పోయినవాళ్ల గురించి. వాళ్ల విషయంలో అదే మాట ఒక తెర అవుతుంది. తెర వెనక ఎవరున్నారో వాళ్లకి చాలా ఉపయోగం.

ఇదంతా గాల్లో చెప్పడం కాకుండా ఒక మనిషి గురించి చెబుతాను. అచ్చం మనలాంటివాడు. ఇంజినీరింగ్ స్టూడెంట్, హాస్టల్లో ఉండేవాడు, బాగా పాడేవాడు.

ఎన్ఐటీ కాలికట్‌లో "రాగం" అని పెద్ద కల్చరల్ ఫెస్ట్ జరుగుతుంది. మన డ్యాన్స్ టీమ్, మ్యూజిక్ టీమ్ వాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆ ఫెస్ట్ ఎవరి జ్ఞాపకంగా జరుపుతారో మాత్రం ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. అతని పేరు పి. రాజన్. ఆ కాలేజీ అప్పట్లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. మన వరంగల్ ఆర్ఈసీ 1959లో వస్తే, కాలికట్‌ది 1961లో వచ్చింది. అన్నదమ్ముల్లాంటి కాలేజీలు.

1976. దేశంలో ఎమర్జెన్సీ. ఫిబ్రవరి 28 రాత్రి కోళిక్కోడ్ జిల్లాలో కాయన్న అనే ఊళ్లో పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్లు దాడి చేశారు. దాంతో పోలీసులు కక్కయం డ్యామ్ దగ్గర, కరెంటు బోర్డు వాళ్ల షెడ్లలో ఒక క్యాంపు పెట్టారు. స్టేషన్ కాదు, జైలు కాదు, క్యాంపు. అడవి పక్కన, ఊరికి దూరంగా. నాయకత్వం క్రైమ్ బ్రాంచ్ డీఐజీ జయరాం పడిక్కల్‌ది. అనుమానం వచ్చిన ప్రతి కుర్రాణ్నీ అక్కడికి పట్టుకొచ్చేవాళ్లు.

రాజన్ ఫరూక్ కాలేజీలో జరిగిన యూనివర్సిటీ యువజనోత్సవానికి వెళ్లి, మార్చి 1 తెల్లవారుజామున తోటి విద్యార్థులతో కలిసి తిరిగొచ్చాడు. ఫెస్ట్ నుంచి తెల్లారకట్ల హాస్టల్‌కి రావడం మనకి తెలియనిదేం కాదు కదా. గొంతు బొంగురుపోయి, నిద్రమొహంతో, నవ్వుకుంటూ. ఆ పూటే పోలీసులు వచ్చి అతన్నీ, ఇంకో విద్యార్థినీ తీసుకెళ్లారు. మళ్లీ రాజన్‌ని బయట ఎవరూ చూడలేదు.

ఇక్కడ నేను కథ ఆపి ఒక మనిషి గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన పని చేసింది ఆ కాలేజీ ప్రిన్సిపాల్, ప్రొఫెసర్ బహావుద్దీన్. ఆయన చేసిన పని వినడానికి చాలా చిన్నది. మీ అబ్బాయిని ఫలానా తేదీన పోలీసులు తీసుకెళ్లారని రాజన్ తండ్రికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశారు. అంతే. కానీ అది ఎప్పుడు రాశారో చూడండి. ఎమర్జెన్సీలో, పోలీసులు ఎవర్నయినా ఎత్తుకుపోగలిగిన రోజుల్లో, ఒక ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్. "స్టూడెంట్ మూడు రోజులుగా క్లాసులకి రావట్లేదు, కారణం తెలియదు" అని రాసినా సాంకేతికంగా అబద్ధం కాదు. చాలామంది అదే రాసేవాళ్లు. ఆయన వాక్యంలో మాత్రం కర్త ఉన్నాడు. పోలీసులు తీసుకెళ్లారు.

ఆ ఒక్క వాక్యం పట్టుకునే తండ్రి పోరాటం మొదలైంది.

తండ్రి పేరు ఈచ్చర వారియర్. హిందీ ప్రొఫెసర్. ఆయన తిరగని చోటు లేదు. పోలీసు అధికారుల దగ్గరికి వెళ్లారు, రాష్ట్ర హోం శాఖకి అర్జీలు పెట్టారు, కేంద్రానికి రాశారు, ఎంపీలకి రాశారు. అప్పటి ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనన్, హోం మంత్రి కె. కరుణాకరన్. తాను కరుణాకరన్‌ని కలిశాననీ, రాజన్ ఏదో పెద్ద కేసులో ఇరుక్కున్నాడని ఆయనే తనతో అన్నారనీ తండ్రి తర్వాత కోర్టులో చెప్పారు. కరుణాకరన్ అలాంటిదేం లేదన్నారు. ఏ ఆఫీసుకి పోయినా ఎవరూ "లేడు" అనరు, "ఉన్నాడు" అనరు.

మరి కోర్టుకి వెళ్లొచ్చు కదా అంటారేమో. హెబియస్ కార్పస్ అని సివిక్స్‌లో రెండు మార్కులకి చదువుకున్నాం. మనిషిని పట్టుకెళితే తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమని అడిగే రిట్. ఎమర్జెన్సీలో ఆ దారి కూడా మూసేశారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఏడీఎం జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అలాంటి పిటిషన్ వేసే హక్కు లేదని 4–1 మెజారిటీతో తేల్చేసింది. కాదన్న ఆ ఒక్క జడ్జి హెచ్.ఆర్. ఖన్నా. రాజన్‌ని తీసుకెళ్లిన రెండు నెలలకే ఈ తీర్పు. (ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే స్పష్టంగా చెప్పడానికి 2017లో పుట్టస్వామి కేసు దాకా పట్టింది. నలభై ఒక్క ఏళ్లు.)

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. సరిగ్గా నాలుగు రోజులకి, మార్చి 25న, ఈచ్చర వారియర్ కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. అదే రోజు కరుణాకరన్ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. సినిమాలో పెడితే "మరీ అతిగా ఉంది" అంటాం.

ప్రభుత్వం తరఫున అఫిడవిట్లు వేశారు. రాజన్‌ని అసలు అరెస్టే చెయ్యలేదు, మా కస్టడీలో లేడు అని. చూశారా, ఇక్కడే ఆ "అదృశ్యం" పనికొచ్చింది. మేం తీసుకెళ్లలేదు కాబట్టి వాడే ఎక్కడికో పోయుంటాడు. ఆ రోజుల్లో కాలేజీ వదిలేసి అడవిలోకి పోయిన కుర్రాళ్లు నిజంగానే ఉన్నారు కాబట్టి నమ్మడానికి వీలైన అబద్ధం.

అయితే అవతల వైపు మనుషులున్నారు. ప్రిన్సిపాల్ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. రాజన్‌ని పోలీసులు తీసుకెళ్లడం చూసినవాళ్లు చెప్పారు. కక్కయం క్యాంపులో తామూ దెబ్బలు తిని, రాజన్‌ని అక్కడ చూసినవాళ్లు చెప్పారు. ఆ క్యాంపులో "ఉరుట్టల్" అని ఒక పద్ధతి ఉండేది. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి తొడల మీద బరువైన రోకలి లాంటి కర్రని దొర్లించడం. దాని గురించి ఇంతకంటే రాయను. జస్టిస్ సుబ్రమణియన్ పోట్టి, జస్టిస్ ఖాలిద్ ఏప్రిల్ 13న తీర్పిచ్చారు. పోలీసులు తీసుకెళ్లిన మాట నిజం, ఏప్రిల్ 21న రాజన్‌ని తెచ్చి కోర్టులో హాజరుపరచండి అని. పిటిషన్ వేసిన ఇరవై రోజుల్లోపే.

తేలేకపోయారు. ఏప్రిల్ 25న కరుణాకరన్ రాజీనామా చేశారు. నెల రోజుల ముఖ్యమంత్రి. ఆ తర్వాత ప్రభుత్వం మాట మార్చింది. రాజన్ 1976 మార్చి 2న కక్కయంలో పోలీసు కస్టడీలోనే చనిపోయినట్టు తెలిసిందని కోర్టుకి చెప్పింది.

మార్చి 2. అంటే తీసుకెళ్లిన మర్నాడే. తండ్రి మంత్రుల గుమ్మాలెక్కి దిగడం మొదలుపెట్టేసరికే కొడుకు లేడు. ఆ ఏడాది పొడుగునా ఆయన పెట్టిన ప్రతి అర్జీ, ఎక్కిన ప్రతి బస్సు, అప్పటికే లేని మనిషి కోసం. ఇది తెలిసినవాళ్లు కొందరు ఆయనకి ఎదురుగా కుర్చీలో కూర్చుని "చూద్దాం లెండి" అని పంపేసి ఉంటారు. నాకైతే ఆ కర్రకంటే ఈ కుర్చీలే ఎక్కువ భయం పుట్టిస్తాయి.

మరి శవం? దొరకలేదు. ఇప్పటికీ. కాల్చేశారనీ, నీళ్లలో పడేశారనీ దశాబ్దాలుగా కథనాలు నడుస్తూనే ఉన్నాయి, ఏదీ రుజువు కాలేదు. శవం లేదు కాబట్టి పోస్టుమార్టం లేదు. ఎన్ని దెబ్బలు, ఎక్కడ, ఏ దెబ్బకి ప్రాణం పోయింది అని చెప్పే కాగితం లేదు. క్రిమినల్ కేసు కేరళ దాటి కోయంబత్తూరు సెషన్స్ కోర్టులో నడిచింది. హత్య నేరం రుజువు కాలేదు. పడిక్కల్‌తో సహా కొందరు అధికారులకి కింది కోర్టులో పడిన కొద్దిపాటి శిక్షలు కూడా అప్పీల్లో పోయాయి. చట్టం లెక్క ప్రకారం వాళ్లు నిర్దోషులు. పడిక్కల్ తర్వాత రాష్ట్ర డీజీపీ అయ్యారు. కరుణాకరన్ మీద అబద్ధపు అఫిడవిట్ కేసు నిలబడలేదు, ఆయన మళ్లీ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

కాబట్టి ఈ కేసు "తేలిందా, తేలలేదా" అంటే రెండూనూ. కస్టడీలో చనిపోయాడని ప్రభుత్వమే ఒప్పుకుంది. చంపింది ఎవరంటే, కోర్టు రికార్డు ప్రకారం ఎవరూ కాదు. ఎక్కడున్నాడు అంటే, ఎక్కడా లేడు. మనిషి దొరక్కపోతే హత్య నిరూపించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లే మనిషిని మాయం చేస్తారు. చట్టం శవం లేకుండా హత్య కేసే నడవదని ఎక్కడా అనలేదు. కానీ సాక్ష్యమంతా అవతలివాళ్ల గుప్పెట్లో ఉన్నప్పుడు ఆ మాట ఏ మూలకి?

ఈ కథంతా చెప్పినప్పుడు మా వింగ్‌లో ఒకడు అన్నాడు: "అది ఎమర్జెన్సీరా బాబూ. ఇప్పుడు ఎక్కడ చూసినా సీసీ కెమెరాలు, జేబులో ఫోన్లు. ఇప్పుడెలా మాయం చేస్తారు?" వాడిది ఈసీఈ, వాడికి టెక్నాలజీ మీద భక్తి ఎక్కువ. కొంతవరకు నిజమే. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, అరెస్టు చేస్తే మెమో రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి. 2020లో ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీటీవీ పెట్టమని, ఫుటేజీ దాచి ఉంచమని కూడా అదే కోర్టు చెప్పింది. కానీ అరెస్టు చేశామని ఒప్పుకుంటేనే కదా మెమో. స్టేషన్‌కి తీసుకెళితేనే కదా కెమెరా. కక్కయం షెడ్డు స్టేషన్ కాదని మర్చిపోవద్దు. ఇక కెమెరా రికార్డర్ సంగతి మనకి తెలియందేముంది? డిస్క్ నిండగానే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. అడగాల్సినవాళ్లు ఆ లోపు అడక్కపోతే ఆ రోజు జరిగినట్టే ఉండదు.

ఇంకోటి. మనుషుల్ని బలవంతంగా మాయం చెయ్యడాన్ని నేరంగా చూడాలని ఐక్యరాజ్యసమితి 2006లో ఒక ఒప్పందం చేసింది. 2007 ఫిబ్రవరిలో మన దేశం దాని మీద సంతకం పెట్టింది. ఆమోదించడం మాత్రం ఇంకా జరగలేదు. కొత్తగా వచ్చిన న్యాయ సంహితలో కూడా ఆ పేరుతో ప్రత్యేకంగా ఒక నేరం లేదు. కిడ్నాప్ ఉంది, అక్రమ నిర్బంధం ఉంది, హత్య ఉంది. తీసుకెళ్లి, తీసుకెళ్లలేదని బుకాయించడం అనే ఆ నేరానికి పేరు లేదు. పేరు లేని నేరానికి పేపరు హెడ్డింగ్ ఏం పెడుతుంది? అదృశ్యం.

ఇది కేరళ సంగతి, మనకెందుకు అనుకోకండి. 1975 జూలైలో, ఎమర్జెన్సీ వచ్చిన నెలకే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని ఎన్‌కౌంటర్‌లో చంపారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ విద్యార్థి. అది ఎన్‌కౌంటర్ కాదు, పట్టుకెళ్లి కాల్చారని పౌరహక్కుల సంఘాలు వాదించాయి. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి లాయర్లు హెబియస్ కార్పస్ పిటిషన్లు వేస్తూనే ఉన్నారు. వాళ్ల రాజకీయాలు మనకి నచ్చాయా లేదా అన్నది వేరే చర్చ, అది క్యాంటీన్‌లో పెట్టుకుందాం. పట్టుకెళ్లిన మనిషి ఎక్కడ అని అడగడానికి ఆ మనిషి మంచివాడై ఉండాల్సిన అవసరం లేదు. రాజన్ నక్సలైట్ అయినా, కాకపోయినా, ప్రశ్న అదే.

పోలీసుల సంగతి అలా ఉంచి, మన సంగతి చూద్దాం. హాస్టల్లో ఎవరైనా రెండు రోజులు కనపడకపోతే వాట్సాప్ గ్రూపులో మొదట వచ్చే మెసేజ్ ఏంటి? "ఎవరితోనో జంప్ అయ్యుంటాడు", పక్కన నవ్వే ఎమోజీ. అమ్మాయి అయితే ఆ కథ ఇంకా తొందరగా తయారవుతుంది, పేర్లతో సహా. అదీ కర్త లేని వాక్యం లాంటిదే. మనకి వెతికే శ్రమ తప్పుతుంది. వార్డెన్ కూడా అదే మాట పట్టుకుంటాడు, ఎందుకంటే "తన ఇష్టంతో వెళ్లాడు" అంటే హాస్టల్ బాధ్యత తీరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి వేలిముద్ర అటెండెన్స్ తీసుకునే హాస్టళ్లలోనే, మనిషి లేడని ఇంటికి ఫోన్ వెళ్లేసరికి రెండో రోజు సాయంత్రం అవుతుంది. వేలిముద్ర ఫైన్ వెయ్యడానికి పనికొచ్చినంత తొందరగా వెతకడానికి పనికిరాదు.

1976లో ఆ హాస్టల్లో జరిగింది ఇంకొకటి. తీసుకెళ్లడం చూసినవాళ్లు చూశామనే అన్నారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ప్రిన్సిపాల్ ఇంటికి రాశాడు. తేదీతో, సంతకంతో, పోస్టాఫీసు రసీదుతో. ఏడాది తర్వాత ప్రభుత్వం మొత్తం "మేం తీసుకెళ్లలేదు" అని అఫిడవిట్ వేస్తే, దాన్ని పడగొట్టింది ఈ సాక్ష్యాలే. గూఢచారులు కాదు, ఫోరెన్సిక్ ల్యాబ్ కాదు. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ చెరపకుండా ఉంచినవాళ్లు. మన హాస్టల్‌కి అలాంటి రాత్రి వస్తే మన రిజిస్టర్‌లో ఏం రాసి ఉంటుందో ఊహించుకోవడం నాకు అంత సుఖంగా లేదు. "విద్యార్థి సమాచారం ఇవ్వకుండా వెళ్లాడు" అని, కింద స్టాంపు. మనలో ఎంతమందిమి "కాదు సార్, నేను చూశాను" అంటామో కూడా నాకు తెలియదు. ప్లేస్‌మెంట్స్ ఉన్నాయి, ఇంట్లో భయపడతారు. అప్పటివాళ్లకీ పరీక్షలున్నాయి, ఇళ్లున్నాయి.

ఈచ్చర వారియర్ తన అనుభవాలన్నీ మలయాళంలో ఒక పుస్తకంగా రాశారు. ఒక తండ్రి జ్ఞాపకాలు అని దాని పేరుకి అర్థం. కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో నన్ను పట్టుకున్నది కోర్టు భాగం కాదు, ఇంటి భాగం. రాజన్ తల్లికి మానసికంగా బాగుండేది కాదు. ఆవిడకి కొడుకు చనిపోయాడని చెప్పలేదు. 2000లో ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లో రాజన్ రావాల్సినవాడే. బయట కోర్టుల్లో కొడుకు చావుని నిరూపించడానికి పోరాడుతున్న మనిషి, ఇంటికొచ్చి అదే కొడుకు బతికున్నట్టు మాట్లాడాలి. ఎన్నేళ్లు? ఇరవై నాలుగు. శవం కూడా లేకుండా చెయ్యడం అంటే ఏంటో నాకు చట్టం పుస్తకాలకంటే ఇదే బాగా చెప్పింది. చనిపోయినవాడికి కర్మ చేసి ఏడ్చి ఊరుకోవడం కూడా దక్కనివ్వరు.

ఆయన 2006 ఏప్రిల్ 13న చనిపోయారు. హైకోర్టు తీర్పు వచ్చింది కూడా ఏప్రిల్ 13నే.

ఈ సంఘటన ఆధారంగానే షాజీ ఎన్. కరుణ్ "పిరవి" అనే సినిమా తీశాడని చెబుతారు. 1989లో కాన్స్‌లో ప్రత్యేక ప్రస్తావన తెచ్చుకుంది, దేశంలో ఉత్తమ చిత్రం అవార్డూ తెచ్చుకుంది. అందులో పోలీసు క్యాంపు చూపించరు, కొట్టడం చూపించరు. ఒక ముసలి తండ్రి, వాన, పడవ రేవు, చివరి బస్సు. అంతే. ఫైట్లు లేవు కాబట్టి నిద్రొస్తుందనేవాళ్లు ముందే టీ తాగి రండి. ఈ నెల మన క్లబ్ మీటింగ్‌లో కవిసమ్మేళనం బదులు అది వేద్దామని నా ప్రపోజల్. సెమినార్ హాల్ ప్రొజెక్టర్ కోసం పర్మిషన్ లెటర్ నేనే రాస్తాను. సినిమా ఎందుకు వేస్తున్నాం అన్న లైన్లో రాజన్‌ని "అదృశ్యమైన విద్యార్థి" అని రాయను. పోలీసులు తీసుకెళ్లిన విద్యార్థి అనే రాస్తాను. దాని మీద డీన్ సంతకం పెడతారో లేదో చూద్దాం.